సినాప్సిస్‌లో ప్రశ్న ఎక్కడ?

పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో అభ్యర్థి కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే వచ్చే మాట ఒకటుంది: "టాపిక్ ఏమిటమ్మా?" దానికి జవాబుగా వచ్చేది దాదాపు ఎప్పుడూ ఒక శీర్షికే. ఫలానావారి నవలల్లో స్త్రీ పాత్రలు. ఫలానా జిల్లా చేనేత కార్మికుల సామాజిక, ఆర్థిక స్థితిగతులు – ఒక అధ్యయనం. ఫలానా కవి జీవితం, సాహిత్యం – సమగ్ర పరిశీలన. బోర్డులో ఉన్నవాళ్లు తలూపుతారు. వాళ్లలో చాలామంది డాక్టరేట్లు అలాంటి పేర్లతో వచ్చినవే. "సరే, ఇందులో నువ్వు తెలుసుకోవాలనుకుంటున్నదేమిటి?" అని అడిగేవాళ్లు లేకపోలేదు. అడిగితే మాత్రం గదిలో కాసేపు ఎవరూ మాట్లాడరు.

ఈ శీర్షికల మీద జోకులేసుకోవడం మన శాఖల్లో పాత అలవాటు. అవి అలా ఎందుకు తయారవుతున్నాయో ఆరా తీసినవాళ్లు తక్కువ. విద్యార్థికి తెలివి లేక కాదు, గైడుకు చదువు లేకా కాదు. సినాప్సిస్ అనండి, ప్రపోజల్ అనండి, వైద్య కళాశాలల్లోలాగా ప్రోటోకాల్ అనండి, ఆ కాగితం మన విశ్వవిద్యాలయాల్లో రిజిస్ట్రేషన్ ఫైలులో పెట్టే ఒక జతపత్రంగానే బతుకుతోంది. పరిశోధన ప్రతిపాదన బలమంతా అది ఎలా ఓడిపోగలదో చెప్పగలగడంలో ఉందని నా అభిప్రాయం. ఏ సమాచారం దొరికితే నా అంచనా తప్పని ఒప్పుకుంటానో రాయలేకపోతే, ఎన్ని పేజీలున్నా అది విషయసూచిక మాత్రమే.

నమూనా గురించి ఇక్కడ చెప్పబోను. నేపథ్యం, పూర్వ పరిశోధనల సమీక్ష, లక్ష్యాలు, పరికల్పనలు, పద్ధతి, పరిమితులు, అధ్యాయ విభజన, గ్రంథసూచి: ఏ సీనియర్‌ను అడిగినా తన ఫైల్ వాట్సాప్‌లో పంపేస్తారు. పద్ధతి అధ్యాయానికి సి.ఆర్. కొఠారి పుస్తకం ఎలాగూ ఉంది. చిక్కు ఆ గదులను నింపడంలో లేదు. వాటిని నింపే ముందు జరగాల్సిన ఆలోచనకు మన పద్ధతిలో ఎక్కడ చోటుందన్నదే అసలు సంగతి.

నిబంధనల వరకు చూస్తే చోటు బాగానే ఉంది. యూజీసీ 2016లో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనలు ఇంటర్వ్యూలో మూడు విషయాలు చూడమన్నాయి: ఆ పని చేసే సత్తా అభ్యర్థికి ఉందా, ఆ పని ఈ సంస్థలో కుదురుతుందా, దానివల్ల కొత్త జ్ఞానం ఏమైనా వస్తుందా. 2022 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనలు రీసెర్చ్ అడ్వైజరీ కమిటీకి ఇచ్చిన మొదటి పనే ప్రతిపాదనను పరిశీలించి అంశాన్ని ఖరారు చేయడం. ఆ తర్వాత అధ్యయన రూపకల్పనలో, పద్ధతిలో దారి చూపాలి. ప్రతి సెమిస్టర్‌లో స్కాలర్ ఆ కమిటీ ముందు నిలబడి ఎంతవరకు వచ్చిందో చెప్పాలి. కనీసం పన్నెండు క్రెడిట్ల కోర్స్‌వర్క్ ఉంటుంది. చదివి, నేర్చుకుని, కమిటీతో వాదించి, అప్పుడు అంశం తేల్చుకోమనే ఈ అమరిక అర్థం.

ఆచరణలో ఆ వరస తిరగబడుతుంది. ఇంటర్వ్యూ నాటికే శీర్షిక కావాలి. అది రిజిస్ట్రేషన్ కాగితాల్లోకి ఎక్కుతుంది. ఆ తర్వాత మార్చుకోవాలంటే దరఖాస్తు, గైడు సంతకం, కమిటీ తీర్మానం, చాలాచోట్ల ఫీజు. ఇన్ని గడపలు తొక్కాల్సి వస్తుందని తెలిసిన విద్యార్థి ఏం చేస్తాడు? ఎటు పోయినా సరిపోయేంత వెడల్పు శీర్షిక పెట్టుకుంటాడు. "సమగ్ర పరిశీలన" అని పెట్టుకుంటే రేపు ఏ అధ్యాయం రాసినా శీర్షిక గీత దాటదు. మనం నవ్వుకునే ఆ పేర్లు అజ్ఞానంతో పెట్టినవి కావు, ముందుజాగ్రత్తతో పెట్టినవి. గైడు కూడా అదే సలహా ఇస్తారు: "కొంచెం బ్రాడ్‌గా పెట్టమ్మా, తర్వాత ఇబ్బంది పడకుండా."

దీనికి తోడు, తప్పులు చేసి నేర్చుకునే మెట్టు ఒకటి పోయింది. ఎంఫిల్ ఉన్న రోజుల్లో ఏడాది, ఏడాదిన్నరలో ఒక చిన్న ప్రశ్న పట్టుకుని చివరిదాకా పోయే అవకాశం ఉండేది. 2022 నిబంధనలతో ఎంఫిల్ రద్దయింది. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులొచ్చినవాళ్లు నేరుగా పీహెచ్‌డీకి రావచ్చు. 2024లో వచ్చిన పీజీ పాఠ్యప్రణాళిక చట్రం రెండో ఏడాదిని పరిశోధనకు కేటాయించుకునే వీలు కల్పించింది. అంటే ప్రతిపాదన రాయడం తొలిసారి నేర్చుకునే చోటు ఇప్పుడు పీజీ ప్రాజెక్టే. ఆ ప్రాజెక్టును మన కళాశాలలు ఎలా చూస్తాయో జిరాక్స్ షాపులవాళ్లకు బాగా తెలుసు.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. ఆర్థికశాస్త్రం పీజీ చదివే ఒక అమ్మాయి "యాదాద్రి భువనగిరి జిల్లా చేనేత కార్మికుల స్థితిగతులు" అని రాసుకొచ్చిందనుకోండి. ఇందులో తప్పేమీ లేదు, ప్రశ్న కూడా లేదు. మూడు వందల ఇళ్లు తిరిగి, ఎన్ని గదులు, ఎంత అప్పు, పిల్లల చదువెంత అని పట్టికలు వేయొచ్చు. చివరికి తేలేది చేనేత కార్మికుల పరిస్థితి బాగాలేదని. అది ఇంటి నుంచి బయల్దేరకముందే తెలుసు.

కాస్త చదివాక ఆమె ఒక అడుగు ముందుకేసింది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005 నాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ గుర్తింపు వల్ల నేతగాడి మజూరీ పెరిగిందా? ఇది ప్రశ్నే, బాగుంది కూడా. కానీ దీన్ని పట్టుకుని ఊళ్లోకి దిగితే రెండో రోజుకే కాలు ఇరుక్కుంటుంది. 2005కు ముందు మజూరీ ఎంతో ఎక్కడ రాసి ఉంది? సొసైటీ రిజిస్టర్లు ఎంతవరకు మిగిలాయో చూస్తేగానీ తెలియదు. మాస్టర్ వీవర్ దగ్గర నేసేవాళ్ల లెక్కలు మాస్టర్ వీవర్ పుస్తకంలో ఉంటాయి, వాటిని చూపించాలా వద్దా అన్నది ఆయన దయ. ఒకవేళ దొరికినా, మజూరీ పెరిగింది గుర్తింపు వల్లేనని ఎలా చెప్పడం? 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. పల్లెల్లో కూలి రేట్ల లెక్కే ఆ తర్వాత మారింది. నూలు ధరలు మారాయి, ఇక్కత్ డిజైన్‌ను బట్ట మీద అచ్చేసి అమ్మే సరుకూ పోటీకొచ్చింది. అప్పటికి గుర్తింపు రాని మరో నేత కేంద్రంతో పోల్చాలి, అక్కడా పాత లెక్కలు దొరకాలి. ఈ ప్రశ్నకు జవాబు చెప్పేందుకు పెద్ద ప్రాజెక్టూ నలుగురు సహాయకులూ కావాలి. ఒక పీజీ విద్యార్థికి, రెండు సెమిస్టర్లలో, ఇది మోయలేని బరువు.

అయితే అదే ఊళ్లో, అదే మగ్గం పక్కన ఇంకో ప్రశ్న ఉంది. చిటికి (రంగు అంటకుండా నూలుకు వేసే ముడులు) కట్టడానికి ముందు నూలును ఆసు పోయాలి. ఒక పక్క ఒకే మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. వాటి చుట్టూ చెయ్యి అటూ ఇటూ తిప్పుతూ నూలు చుట్టడం. ఒక చీరకు కొన్ని గంటలపాటు కొన్ని వేలసార్లు ఆ చెయ్యి తిరగాలి. ఇది తరతరాలుగా ఇంటి ఆడవాళ్ల పని, మజూరీ లెక్కలో విడిగా కనిపించని పని. ఆలేరు దగ్గర శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేసిన సంగతి తెలుగువాళ్లందరికీ తెలుసు. 1999లో ఆ యంత్రం ఒక రూపానికొచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, తర్వాత సినిమా కూడా తీశారు. నొప్పి తగ్గింది, సమయం మిగిలింది అన్నంతవరకు కథ అందరికీ తెలిసిందే. మిగిలిన ఆ గంటలు ఎటు పోయాయి?

ఇదీ పీజీ విద్యార్థి చేతికి అందే ప్రశ్న. అంచనా కూడా పెట్టుకోవచ్చు: మిగిలిన సమయం విశ్రాంతిగా మారలేదు, ఎక్కువ చీరలుగా మారింది, అంటే ఆడవాళ్ల చెయ్యి ఆసు నుంచి చిటికికో కండెలకో మళ్లింది. ఈ అంచనా తప్పని ఎలా తేలుతుందో కూడా ముందే చెప్పొచ్చు. యంత్రం వచ్చాక ఇంట్లో నెలకు దిగే చీరల సంఖ్య మారకపోతే, ఆడవాళ్లు బీడీలకో, కుట్టుపనికో, డ్వాక్రా పనులకో వెళ్లడం మొదలుపెట్టి ఉంటే, అంచనా వీగిపోయినట్టే. సాక్షులు బతికే ఉన్నారు. యంత్రం ఎప్పుడు కొన్నారో ఇంట్లో అందరికీ గుర్తుంటుంది, రసీదు కూడా దొరకొచ్చు.

కానీ ప్రతిపాదన అక్కడితో అయిపోదు. యంత్రం ముందు కొన్న ఇళ్లు కొంచెం చేతిలో డబ్బున్న ఇళ్లు. వాటిని కొనని ఇళ్లతో పోలిస్తే తేడా యంత్రానిదో, డబ్బుదో తెలియదు. డబ్బులిచ్చి పక్కింటి యంత్రం మీద ఆసు పోయించుకునే ఇళ్లుంటే వాటిని మూడో గుంపుగా పెట్టుకోవచ్చు. ఇక, పదిహేనేళ్ల కిందట రోజుకు ఎన్ని గంటలు ఆసు పోశారని అడిగితే ఎవరూ చెప్పలేరు, చెప్పినా నమ్మడానికి లేదు. "కడుపుతో ఉన్నప్పుడు మీ ఆసు ఎవరు పోశారమ్మా?" అని అడిగితే మాత్రం పేరుతో సహా చెబుతారు. "వంట ముందా, ఆసు ముందా?" అంటే రోజంతా విప్పి చెబుతారు. ప్రశ్నావళిలో గంటల గడి తీసేసి ఇలాంటి నాలుగు ప్రశ్నలు పెట్టడానికి ముందే ఒకసారి ఊరికి పోయి రావాలి. సినాప్సిస్ రాసేముందు ఒక చిన్న యాత్ర చేసిరమ్మని చెప్పే శాఖలు మనకు ఎన్ని ఉన్నాయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

చేనేత మీదే ఇంత చెప్పడానికి కారణం ఉంది. విషయం పెద్దదైతే పరిశోధన పెద్దదవుతుందన్న భ్రమ మన దగ్గర గట్టిగా పాతుకుపోయింది. పై మూడింటిలో అన్నిటికంటే చిన్నగా కనిపించేది మూడోదే. కొత్త విషయం చెప్పగలిగేది కూడా అదే.

ఇక అంకెల దగ్గరికొస్తే, ప్రతి శాఖకూ ఒక ఇష్టమైన అంకె ఉంటుంది. వైద్య పీజీల్లో అది వంద. ఎండీ, ఎంఎస్ చదివేవాళ్లు చేరిన కొద్ది నెలల్లోనే ప్రోటోకాల్ రాసి ఎథిక్స్ కమిటీకి ఇవ్వాలి. పరీక్షలకు ఆరు నెలల ముందే థీసిస్ సమర్పించాలి. పరిశోధన పద్ధతుల మీద ఆన్‌లైన్ కోర్సు కూడా తప్పనిసరి. డ్యూటీల మధ్య ఇదంతా చేయాలి. శాంపిల్ సైజుకు వాళ్లంతా వాడే సూత్రం "ఫోర్ పీక్యూ బై డీ స్క్వేర్". ఒక జబ్బు వ్యాప్తి ఇరవై శాతమని పాత అధ్యయనం చెప్పిందనుకుందాం. ఇరవైని ఎనభైతో హెచ్చించి నాలుగు రెట్లు చేస్తే 6,400. దీన్ని ఒప్పుకోదగ్గ పొరపాటు వర్గంతో భాగించాలి. పొరపాటు ఐదు శాతం అనుకుంటే 256 మంది రోగులు కావాలి. ఇరవైలో పదో వంతు, అంటే రెండు శాతమే ఒప్పుకుంటామంటే 1,600. పది శాతం అనుకుంటే 64 మంది చాలు. మరి వంద ఎక్కడి నుంచి వస్తుంది? పొరపాటును ఎనిమిది శాతంగా పెడితే సరిగ్గా వంద వస్తుంది.

చాలా ప్రోటోకాళ్లలో లెక్క ఇలా వెనక నుంచి ముందుకు నడుస్తుంది. ఏడాదిన్నరలో తన ఓపీలో వందమంది దొరుకుతారని పీజీకి తెలుసు, గైడుకూ తెలుసు. కాబట్టి వంద వచ్చేలా సూత్రాన్ని సర్దుతారు. ఇది మోసమని నేను అనను. వందమందే దొరుకుతారన్నది నిజమైన పరిమితి. కాకపోతే ఆ నిజాన్ని నిజంలాగే రాయొచ్చు: "మాకు దొరికేది వందమంది, దీంతో వ్యాప్తి పన్నెండు శాతానికీ ఇరవై ఎనిమిదికీ మధ్య ఉందని మాత్రమే చెప్పగలం." ఆ వాక్యం కాగితం మీద పడిన వెంటనే తర్వాతి ప్రశ్న దానంతటదే వస్తుంది. అంత వదులుగా తెలుసుకుని ఏం చేసుకుంటాం? ఉపయోగం లేదనిపిస్తే వందమందితో తేల్చగలిగే వేరే ప్రశ్న వెతుక్కోవాలి. సూత్రం వెనక దాక్కున్నంత కాలం ఆ ఆలోచనే రాదు.

వాణిజ్య, మేనేజ్‌మెంట్ శాఖల ఇష్టమైన అంకె 384. క్రెజ్‌సీ, మోర్గాన్ 1970లో ప్రచురించిన పట్టికలో జనాభా పది లక్షలైతే నమూనా 384 అని ఉంటుంది. ఐదు శాతం పొరపాటుకు, జాబితాలోంచి యాదృచ్ఛికంగా ఎంచుకున్నప్పుడు వర్తించే అంకె అది. మనవాళ్లు ఆ పట్టికను సినాప్సిస్‌లో భక్తిగా ఉదహరించి, గూగుల్ ఫారం లింకును వాట్సాప్ గ్రూపుల్లోకి వదిలి 384 జవాబులు రాగానే ఆపేస్తారు. జాబితా లేదు, యాదృచ్ఛికం లేదు, అంకె మాత్రం ఉంది. ఇలాంటి సినాప్సిస్‌లలో పరికల్పనలు కూడా ఒకే అచ్చులో పోసినట్టుంటాయి: స్త్రీ పురుషుల అభిప్రాయాల్లో తేడా లేదు, వయసును బట్టి తేడా లేదు, ఆదాయాన్ని బట్టి తేడా లేదు. ఆ తేడా ఎందుకు ఉండాలో, ఎందుకు ఉండకూడదో ఒక్క వాక్యం కూడా ఉండదు.

తెలుగు శాఖల సంగతి వేరు. అక్కడ అంకెల పీడ లేదు, మంచి పూర్వులున్నారు. బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో జానపద గేయాల మీద పరిశోధన చేసి 1956లో డాక్టరేట్ తీసుకున్నారు. నోటి పాటను సాహిత్యంగా చూడొచ్చా అన్న సందేహం పండితుల్లో ఇంకా పోని రోజులవి. ఆయన అంశం ఎంచుకోవడమే ఒక వాదన చేసినట్టయింది. సి. నారాయణరెడ్డి సిద్ధాంత గ్రంథం పేరు "ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు". వెడల్పైన శీర్షికే, కానీ సంప్రదాయానికీ ప్రయోగానికీ మధ్య ముడి ఎలా ఉందన్న ప్రశ్న శీర్షికలోనే ఉంది. వెల్చేరు నారాయణరావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధన 1978లో "తెలుగులో కవితా విప్లవాల స్వరూపం"గా వచ్చింది. కవిత్వంలో పెద్ద మార్పులు ఎప్పుడు, ఎందుకు వస్తాయన్న ప్రశ్నను సమాజంలో మార్పులతో ముడిపెట్టిన పుస్తకం అది. ఒప్పుకోనివాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఒప్పుకోకపోవడానికి వీలుండటమే దాని ఆరోగ్యం. "ఫలానా కవి జీవితం, సాహిత్యం"తో ఎవరు విభేదించగలరు?

భద్రిరాజు కృష్ణమూర్తి నాయకత్వంలో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం డాక్టరేట్ కోసం చేసింది కాదు, కానీ ప్రతిపాదన రాసేవాళ్లు చూడాల్సిన పని. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాలది 1971లో వచ్చాయి. ఒకే పనిముట్టును ఏ ప్రాంతంలో ఏమంటారన్న చిన్న ప్రశ్నను అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా అడిగారు. ఆ జవాబుల నుంచి తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా చూసే వర్గీకరణకు ఆధారం దొరికింది. నాలుగే వస్తాయని ముందే రాసిపెట్టుకుని వెళ్లలేదు.

సాహిత్య, చరిత్ర పరిశోధనల్లో ప్రతిపాదన పల్చబడే చోటు ఆకరాలు. "1930ల నాటి పత్రికలను పరిశీలిస్తాను" అని రాయడం తేలిక. ఏ పత్రిక, ఏ సంవత్సరం, ఏ నెలల సంచికలు, ఎక్కడ ఉన్నాయి? వేటపాలెం సారస్వత నికేతనంలో కొన్ని, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో కొన్ని, హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో కొన్ని, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ప్రభుత్వ కాగితాలు. పదేళ్ల పత్రిక మీద పరిశోధన అని రిజిస్టర్ చేయించుకుని, తీరా చూస్తే మధ్యలో మూడేళ్ల సంచికలు ఎక్కడా లేవని నాలుగో ఏట తెలుసుకున్నవాళ్లు ఉంటారు. ఉన్న సంచికల జాబితాను ప్రతిపాదనకు అనుబంధంగా పెట్టమంటే ఈ గొడవలో సగం మొదట్లోనే తేలిపోతుంది. ఆ జాబితా తయారుచేయడానికి పట్టే నెల రోజులు వృథా కావు.

ప్రతి సినాప్సిస్‌లోనూ ఉండే ఇంకో వాక్యం: "ఈ అంశం మీద ఇంతవరకు పరిశోధన జరగలేదు." జరిగిందో లేదో తెలుసుకోవడానికి సాధనాలైతే ఉన్నాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో పూర్తయిన సిద్ధాంత గ్రంథాలు, శోధ్‌గంగోత్రిలో నడుస్తున్న పరిశోధనల సినాప్సిస్‌లు ఉంటాయి. కానీ తెలుగులో వెతికేవాళ్లకు ఒక కష్టం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పాత తెలుగు థీసిస్‌లు చాలావరకు అను ఫాంట్లలో టైపు చేసినవి, లేదా కాగితాన్ని స్కాన్ చేసినవి. యూనికోడ్ కాని ఆ అక్షరాలు కంప్యూటర్‌కు చెత్తగా కనిపిస్తాయి. స్కాన్ చేసిన పేజీ దానికి బొమ్మ. లోపలి మాటల కోసం వెతికితే ఏమీ దొరకదు. శీర్షికలను ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కించేటప్పుడు ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగ్ పెడతారు. కాబట్టి "జరగలేదు" అన్న మాటకు చాలాసార్లు "నాకు దొరకలేదు" అనే అర్థం. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలకు పోయి అరలు తడుముకుంటే తప్ప తెలుగు పరిశోధనలో పూర్వ రచనల సమీక్ష పూర్తికాదు.

అదే లోపం కాపీని పట్టుకునే సాఫ్ట్‌వేర్‌నూ కుంటుపరుస్తుంది. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం సారూప్యం పది శాతం దాకా పరవాలేదు. నలభై దాకా ఉంటే ఆరు నెలల్లో మార్చి ఇవ్వాలి. అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. విద్యార్థులు ఆ పది శాతం కింద ఉండటమే నిజాయితీ అనుకుంటున్నారు. పాత అను ఫాంట్ థీసిస్ నుంచి ఒక అధ్యాయం మొత్తం యూనికోడ్‌లో తిరగ్గొడితే సాఫ్ట్‌వేర్ సున్నా చూపించే ప్రమాదం ఉంది. ఇక ఏఐ చాట్‌బాట్లు వచ్చాక సమీక్షల్లో కొత్త జబ్బు మొదలైంది: నిజమైన రచయితల పేర్లతో, నమ్మించేలా ఉండే సంవత్సరాలతో, పుట్టని పుస్తకాలు. గైడులు చేయగలిగిన తేలికైన పరీక్ష ఒకటుంది. గ్రంథసూచిలోంచి ఏవో ఐదు పేర్లు చెప్పి, ఆ ఐదు పుస్తకాలూ తెచ్చి బల్ల మీద పెట్టమనడం.

నైతిక అనుమతుల గురించి ఒక్క మాట. వైద్యంలో ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు గట్టిగానే అమలవుతున్నాయి. సాంఘిక శాస్త్రాల్లో చాలాచోట్ల అది ఇంకా లాంఛనమే. సమ్మతి పత్రాలను ఇంగ్లిష్ నుంచి మక్కికి మక్కి దించడంతో పాడేరు ఏజెన్సీలోనైనా పాతబస్తీలోనైనా చదివి వినిపిస్తే ఎవరికీ అర్థం కాదు. అర్థం కానిదాని కింద పెట్టిన వేలిముద్రను సమ్మతి అని ఎలా అంటాం?

గైడు గురించి రాయకపోతే ఈ సమీక్ష కుదరదు. ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు స్కాలర్లు ఉండొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లోనూ అధ్యాపకుల ఖాళీలు ఏళ్లుగా నిండటం లేదు. కాబట్టి విద్యార్థికి గైడు దొరకడం అంటే ఎవరి దగ్గర సీటు ఖాళీగా ఉందన్న లెక్క. ఆ గైడు ప్రత్యేకత శతక సాహిత్యమైతే, నవల మీద ఆసక్తితో వచ్చిన అబ్బాయి శతకాల మీద సినాప్సిస్ రాస్తాడు. దీన్ని కేవలం దోపిడీ అనలేం. తెలియని విషయాన్ని గైడు చేస్తానని ఒప్పుకోవడం ఇంకా పెద్ద అన్యాయం. కానీ ఆ రాజీ కుదిరాక ప్రశ్నను వెతుక్కునే పని ఇద్దరూ మర్చిపోతారు. "మీరెలా అంటే అలాగే సర్" అన్న మాటతో ఎన్నో ప్రతిపాదనలు ముగిసిపోయాయి.

డబ్బు సంగతి సినాప్సిస్‌లో రానే రాదు. జేఆర్‌ఎఫ్ ఉన్నవాళ్లకు 2023 జనవరి నుంచి నెలకు 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ అయ్యాక 42,000. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ లేనివాళ్లకు 8,000. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏ ఫెలోషిప్పూ లేకుండా, పగలు ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ చేసేవాళ్లు లెక్కకు మించి ఉన్నారు. ఆసు యంత్రం ప్రశ్నకు ఆలేరు చుట్టుపక్కల ఎన్నిసార్లు తిరగాలి, బస్సు ఖర్చెంత, సెలవులెన్ని? ఈ లెక్క వేయని ప్రతిపాదన పద్ధతి అధ్యాయంలో ఎంత పెద్ద పేర్లు వాడినా గాలిలో మేడే. మూడేళ్లు కనీసం, ఆరేళ్లు గరిష్ఠం అన్న గడువులో మొదటి ఏడాది కోర్స్‌వర్క్‌కు, చివరి ఏడాది టైపింగుకూ సంతకాలకూ పోతాయి. మిగిలేదాన్ని బట్టే ప్రశ్న పరిమాణం ఉండాలి.

విదేశాలకు వెళ్లే మన పిల్లలు రెండు భిన్నమైన పద్ధతులు చూస్తారు. బ్రిటన్‌లో చాలా విభాగాలు దరఖాస్తుతోపాటే ప్రతిపాదన అడుగుతాయి, దాన్ని చూసే తీసుకుంటాయి. అమెరికాలో ఆసక్తులు చెప్పుకునే వ్యాసంతో చేరి, కోర్సులూ అర్హత పరీక్షలూ అయ్యాక ప్రతిపాదనను కమిటీ ముందు సమర్థించుకోవాలి. మనది కాగితం మీద అమెరికా పద్ధతి, ఆచరణలో బ్రిటన్ పద్ధతి. రెండింటి ఇబ్బందులూ మనకున్నాయి, బ్రిటన్‌లోలా చేరకముందే గైడుతో నెలల తరబడి ఉత్తరప్రత్యుత్తరాలు నడిపే వీలు మాత్రం లేదు.

నా మటుకు నాకు తోచే మార్పు చిన్నది. రిజిస్ట్రేషన్‌కు అంశం పరిధి చెబితే చాలు అనాలి. శీర్షిక, ప్రశ్న కోర్స్‌వర్క్ అయ్యాకే తేల్చాలి. మార్పుకు ఫీజు ఎత్తేయాలి. కమిటీ ముందు స్కాలర్ చెప్పాల్సిన మొదటి మాట "ఇదిగో, ఇది తేలితే నా అంచనా తప్పు" అని ఉండాలి. కొత్త చట్టాలేమీ అక్కర్లేదు, 2022 నిబంధనలు ఇప్పటికే ఇంత వెసులుబాటు ఇస్తున్నాయి.

ఇదంతా నా అనుభవంతో, చదువుతో చెప్పిన మాట. నిజానికి దీన్ని పరీక్షించొచ్చు. ఎంఏలో ప్రాజెక్టు చేయాల్సినవాళ్లు ఒక విశ్వవిద్యాలయాన్ని, ఒక శాఖను, ఒక పదేళ్ల కాలాన్ని తీసుకుని శోధ్‌గంగోత్రిలో ఉన్న సినాప్సిస్‌లనూ శోధ్‌గంగలో ఉన్న సిద్ధాంత గ్రంథాలనూ జత కలిపి చదవొచ్చు. సినాప్సిస్‌లో ఒక్కటైనా జవాబు తెలియని ప్రశ్న ఉందా, పరికల్పన ఏదైనా వీగిపోయిందా, వీగిపోతే ఆ సంగతి థీసిస్ ముగింపులో రాశారా? శీర్షిక వెడల్పుగా ఉన్న థీసిస్‌లలోనే వీగిపోయిన పరికల్పనలు తక్కువగా ఉంటాయని నా అంచనా. రెండు రకాల శీర్షికల్లోనూ అవి సమానంగా కనిపిస్తే, శీర్షిక వెడల్పు గురించి పైన నేను రాసినదంతా తప్పు. సినాప్సిస్‌లు ఎక్కించని శాఖలు ఉంటాయి కాబట్టి ముందు ఎన్ని జతలు దొరుకుతాయో చూసుకోవాలి. ముప్ఫై దొరికితే ఒక సెమిస్టర్‌కు సరిపడా పని.